55 ప్రశ్నల్లో లేని గురక

దసరా సెలవుల తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మావాడి క్లాస్ టీచర్ ఒక డిక్టేషన్ నోట్‌బుక్‌ను నా ముందుకు జరిపి, ఏమీ మాట్లాడకుండా రెండు నిమిషాలు చూసుకోనిచ్చారు. పేజీల నిండా ఎర్ర సిరా గీతలే ఉన్నాయి. ‘క్యాట్స్’ అని ఆవిడ చెప్పిన చోట ‘క్యాట్’ అని, ‘నెస్ట్’ అని చెప్పిన చోట ‘నెట్’ అని మావాడు రాశాడు. ప్రతి పేజీ అడుగునా ‘అజాగ్రత్త’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. తర్వాత ఆవిడ నెమ్మదిగా మిగతావి చెప్పుకొచ్చారు. వాడు ఒకచోట కుదురుగా కూర్చోడు, వెనుక నుంచి పిలిస్తే పలకడు, మధ్యాహ్నం భోజనం అయ్యాక పక్కవాడిని తోస్తాడు, చిన్న మాటకే ఏడుస్తాడు. ఒకసారి ఏకాగ్రతకు సంబంధించిన పరీక్ష చేయిస్తే మంచిదని చెప్పి, స్కూలు కౌన్సెలర్ దగ్గరకు పంపారు. అప్పటికి వాడికి ఏడేళ్లు, రెండో తరగతి.

మాది తిరుపతి. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో స్థిరపడి తొమ్మిదేళ్లయింది. మా అత్తమ్మ మదనపల్లె నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. టీచర్ చెప్పినవాటిలో మాకు కొత్త సంగతి ఏదీ లేదు. కాకపోతే ఇంట్లో ఒక్కొక్కరం దానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నాం. మావారు మొండితనం అనేవారు, అత్తమ్మ గారాబం ఎక్కువైందనేవారు, నేను సోమరితనం అనేదాన్ని. ఆగస్టులో ఒక రాత్రి, పది మాటల స్పెల్లింగ్ కోసం గంటన్నర కూర్చోబెట్టి, చివరికి స్కేలుతో వాడి చేతి మీద కొట్టాను. ఈ వ్యాసం రాయడానికి ఆ రాత్రి కూడా ఒక కారణం కనుక దాన్ని దాచడం లేదు.

కౌన్సెలర్ ఇచ్చిన ప్రశ్నపత్రం పేరు వాండర్‌బిల్ట్ స్కేల్. తల్లిదండ్రులు నింపే పత్రంలో 55 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో మొదటి తొమ్మిది ఏకాగ్రత లోపానికి, తర్వాతి తొమ్మిది అతి చురుకుదనానికి సంబంధించినవి. ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘చాలా తరచుగా’ వరకు నాలుగు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను పెట్టిన టిక్కుల్లో ఎక్కువ భాగం కుడివైపు గడుల్లోనే పడ్డాయి. అవసరమైతే మానసిక, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి చూపించవచ్చని కౌన్సెలర్ అన్న మాట ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తమ్మ కంగారుపడి, ‘బిడ్డకు పిచ్చా ఏమన్నానా, అక్కడికి తీసుకుపోవడానికి?’ అని ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ భయం తప్పే అయినా, ఆవిడను సముదాయించడానికి, ముందు మాకు తెలిసిన పిల్లల డాక్టర్‌గారికి ఒకసారి చూపిద్దామని ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోలే మాకు కలిసొచ్చింది.

ఆ డాక్టర్‌గారు పత్రాన్ని తిరగేసి పక్కన పెట్టి, ‘రాత్రి గురక పెడతాడా?’ అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, ‘పెడతాడు సార్, అచ్చం వాళ్ల తాతే. పక్కన డప్పు కొట్టినా లేవడు, అంత మంచి నిద్ర’ అని కాస్త గొప్పగానే చెప్పారు. నోరు తెరుచుకుని పడుకుంటాడా, మెడ వెనక్కి వంచి పడుకుంటాడా, తలగడ చెమటతో తడుస్తుందా, ఇంకా పక్క తడుపుతున్నాడా, పొద్దున లేవగానే చిరాకు పడతాడా అని ఆయన ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. అన్నింటికీ అవునంటుంటే, ఎవరో మా ఇంట్లో మాటు వేసి చూసినట్టు అనిపించింది. నేను నింపిన 55 ప్రశ్నల్లో గురక గురించిన ప్రశ్న ఒక్కటీ లేదు. అది ఆ పత్రం తప్పని కూడా అనలేను. దాని పని ప్రవర్తనను కొలవడమే తప్ప, దాని వెనుక కారణం వెతకడం కాదు. నాలుగైదు రాత్రులు వీడియో తీసి చూపించమని, అందులోనూ తెల్లవారుజామున తీయడం మర్చిపోవద్దని ఆయన చెప్పారు.

రాత్రి పదకొండుకు తీసిన వీడియోలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, మామూలు గురకే. నాలుగు గంటలకు అలారం పెట్టుకుని లేచి తీసినది మాత్రం వేరుగా ఉంది. గురక పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఒక్కసారిగా ఆగింది. ఛాతీ ఆగలేదు. కడుపు పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి దిగుతోంది, కంఠం కింద గుంట పడుతోంది, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టు బయటపడుతున్నాయి. అంత పెనుగులాటలోనూ ముక్కు దగ్గర పెట్టిన నా వేలికి గాలి తగలలేదు. గోడ గడియారం ముల్లు తొమ్మిది సెకన్లు కదిలాక వాడు తల వెనక్కి విసిరి, నీళ్లలోంచి బయటపడ్డవాడిలా గట్టిగా గాలి పీల్చి, అటు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే జరిగింది. ఏడేళ్లుగా ఒకే మంచం మీద వాడి పక్కన పడుకుంటూ, ఒక్కసారి కూడా లేచి చూడని నా మీద నాకే కోపం వచ్చింది.

తెల్లవారుజామునే ఎందుకు అన్నది, తర్వాత మేము చూపించిన ఈఎన్‌టీ డాక్టర్‌గారు చెప్పారు. ఆయనది కోలారు. కన్నడం కలిసిన ఆ తెలుగు వినడానికి బాగుంటుంది, అర్థం కాని మాట ఒక్కటీ ఉండదు. కలలు వచ్చే నిద్రను రెమ్ నిద్ర అంటారని, అది రాత్రి గడిచేకొద్దీ ఎక్కువవుతుందని, ఆ దశలో శరీరం కండరాల బిగువును వదిలేస్తుందని, గొంతు దారిని తెరిచి ఉంచే కండరాలు కూడా అప్పుడే సడలుతాయని ఆయన వివరించారు. దారి విశాలంగా ఉన్నవాళ్లకు దానివల్ల ఇబ్బంది లేదు. మావాడి దారి ముందే ఇరుకు. ముక్కు వెనుక, గొంతు పైభాగాన అడినాయిడ్ అనే మెత్తని కణజాలం ఉంటుంది. టాన్సిల్స్‌లాగే అదీ క్రిములను పట్టుకునే కాపలా బృందంలో ఒకటి. సుమారు మూడేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య అది ముఖం ఎముకల కంటే వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆ వయసులోనే ఇరుకు ఎక్కువ. యుక్తవయసుకు దానంతట అదే కుంచించుకుపోతుంది. మావాడికి ఎలర్జీ దానికి తోడైంది. ఈ ఊళ్లో ఖాళీ స్థలం కనిపిస్తే చాలు వయ్యారిభామ మొక్క మొలుస్తుంది, దాని పుప్పొడికి ముక్కులు కారని ఇల్లు మా అపార్ట్‌మెంట్‌లో లేదు. పైగా మూడు వైపులా కట్టుబడి దుమ్ము. మా వీధి చివరి క్లినిక్‌లో నెలకొకసారి యాంటీబయాటిక్ రాయించుకోవడం మాకు పాలప్యాకెట్ తెచ్చుకున్నంత అలవాటుగా మారింది. అక్కడ ఎవరూ ఎన్నడూ టార్చి వేసి ముక్కులోకి చూడలేదు.

పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో గాలి దారి నల్లని గీతలా కనిపిస్తుంది. ముక్కు వెనుకకు వచ్చేసరికి ఆ గీత దారపు పోగంత సన్నబడింది. ఆ తర్వాత డాక్టర్‌గారు చెవుల పరీక్ష కూడా చేయాలన్నప్పుడు, ముక్కు కోసం వస్తే చెవులెందుకని మనసులో అనుకున్నాను. టింపనోగ్రామ్ అనే పరీక్షలో చెవిలో చిన్న మొన పెట్టి గాలి ఒత్తిడి మార్చుతూ కర్ణభేరి ఎంత కదులుతోందో చూస్తారు. మామూలు చెవికి కాగితం మీద కొండ ఆకారంలో గీత వస్తుంది. మావాడికి రెండు చెవులకూ చదునైన గీత వచ్చింది. మధ్య చెవికి గాలి అందించే సన్నని గొట్టం అడినాయిడ్ పక్కనే తెరుచుకుంటుంది. అది మూసుకుపోవడంతో కర్ణభేరి వెనుక జిగురు నీరు చేరింది. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వినికిడి పరీక్షలో సుమారు 30 డెసిబెల్స్ లోపం తేలింది. వాడు చెవిటివాడేం కాదు, ఎదురుగా నిలబడి మాట్లాడితే అన్నీ వింటాడు. రెండు చెవుల్లో దూది పెట్టుకుని నలభై మంది పిల్లల మధ్య వెనుక బెంచీలో కూర్చుంటే ఎంత వినపడుతుందో వాడికి అంత వినపడుతోంది. అచ్చులు బిగ్గరగా ఉంటాయి కనుక వినిపిస్తాయి. మాట చివర వచ్చే ‘స్’ లాంటి ఊదినట్టుండే హల్లులు మాత్రం గాలిలో కలిసిపోతాయి. సంచిలోంచి డిక్టేషన్ నోట్‌బుక్ తీసి అక్కడే మళ్లీ చూశాను. తప్పుల్లో ఎక్కువ భాగం ‘స్’ దగ్గరే ఉన్నాయి. నిజానికి వాడు చాలా జాగ్రత్తగా, తనకు వినిపించింది వినిపించినట్టే రాశాడు.

ఆ రాత్రి నుంచి నాకు దొరికినవి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదని తెలిసి ఆశ్చర్యపోయాను. కోపెన్‌హేగన్‌కు చెందిన విల్‌హెల్మ్ మేయర్ అనే వైద్యుడు 1868లోనే అడినాయిడ్ పెరుగుదలను, దానివల్ల వచ్చే ముక్కు మాటను, వినికిడి లోపాన్ని వర్ణించాడు. 1889లో విలియం హిల్ అనే లండన్ వైద్యుడు, పిల్లలు చదువులో వెనకబడటానికి, మందబుద్ధులుగా కనిపించడానికి ముక్కు, గొంతు అడ్డంకులు కూడా కారణమని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. నిద్రలో శ్వాస ఆగడాన్ని యంత్రాలతో నమోదు చేసి, పిల్లల్లో అదొక జబ్బుగా నిద్ర పరిశోధకుడు గిలెమినో బృందం ప్రకటించింది 1976లో. 1998లో డేవిడ్ గోజల్ అనే పిల్లల వైద్యుడు మరింత నేరుగా పరిశీలించాడు. ఒకటో తరగతిలో మార్కుల్లో అట్టడుగున ఉన్న 297 మంది పిల్లలను ఇళ్లలో పరీక్షిస్తే 54 మందిలో నిద్రలో శ్వాసకు సంబంధించిన తేడాలు కనిపించాయి. వాళ్లలో శస్త్రచికిత్స చేయించుకున్న 24 మందికి మరుసటి ఏడాది మార్కులు పెరిగాయి, చేయించుకోనివాళ్లకు పెరగలేదు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆశ కొంచెం ఎక్కువేనని తర్వాత తెలిసింది.

వెంటనే కత్తి పట్టలేదు. ముందు ఎనిమిది వారాలు ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే వాడమన్నారు. స్టెరాయిడ్ అన్న మాటకు నేను బెదిరాను గానీ, రక్తంలోకి చేరేది చాలా స్వల్పమని డాక్టర్‌గారు ఓపికగా చెప్పారు. ముక్కు కారడం తగ్గింది, గురక తగ్గలేదు. డిసెంబరు మూడో వారంలో, రాత్రంతా నిద్రను, శ్వాసను యంత్రాలతో నమోదు చేసే స్లీప్ స్టడీకి రాత్రి ఎనిమిదింటికి ఆసుపత్రిలో చేరాం. టెక్నీషియన్ కుర్రాడు తల మీద పాపిడులు తీసి, తెల్లని పేస్ట్‌తో ఒక్కొక్క తీగా అంటించడానికి ముప్పావుగంట పట్టింది. కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద మరికొన్ని, ఛాతీకీ కడుపుకూ రెండు పట్టీలు, ముక్కులో సన్నని గొట్టం, వేలికి ఎర్రగా వెలిగే క్లిప్పు, పైన కెమెరా. అద్దంలో చూసుకుని మావాడు ఆ కుర్రాణ్ణి అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘అన్నా, ఈ వైర్లు పీకేస్తే నేను ఆగిపోతానా?’ ఆ కుర్రాడు నవ్వి వాడి బుగ్గ తట్టాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రిపోర్టులో శ్వాస ఆగడం, బాగా తగ్గిపోవడం కలిపి గంటకు తొమ్మిదిసార్లకు పైగా ఉంది. పెద్దవాళ్లలో ఐదు దాటితే జబ్బు అంటారు, పిల్లల్లో ఒకటి దాటినా మామూలు కాదు. ఆక్సిజన్ ఒక దశలో 84 శాతానికి దిగింది. అలా దిగిన ప్రతిసారీ మెదడు ఒక చిన్న అపాయ ఘంటిక కొడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, పరుగెత్తేటప్పుడు ఊరే అడ్రినలిన్ జాతి రసాయనాలు ఊరతాయి, గొంతు కండరాలు మళ్లీ బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. ఒక రాత్రిలో అలా అరవై డెబ్బైసార్లు జరిగినా పిల్లవాడు కళ్లు తెరవడు, పొద్దున వాడికేమీ గుర్తుండదు. మూసుకున్న గొంతుకు ఎదురుగా పీల్చే బలానికి ఛాతీలో ఒత్తిడి పడిపోయి గుండె పై గదులు సాగుతాయని, అప్పుడు అవి మూత్రాన్ని పెంచే ఒక హార్మోన్‌ను వదులుతాయని డాక్టర్‌గారు చెప్పినప్పుడు, పక్క తడిపినందుకు మేము వాడికి చెప్పిన నీతులన్నీ గుర్తొచ్చాయి.

మరి నిద్ర చాలని పిల్లవాడు తూగాలి కదా, గెంతులెందుకు వేస్తాడు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. పెద్దవాళ్లం అలసిపోతే కునుకు తీస్తాం, పిల్లలు మాత్రం తరచుగా మరింత చురుగ్గా, మరింత చిరాకుగా మారుతారు. ఆగు, ఆలోచించు, నీ వంతు వచ్చేదాకా ఉండు అని అదుపు చేసే పని నుదుటి వెనుక ఉండే మెదడు భాగానిది. నిద్రలేమి దెబ్బ ఎక్కువగా తగిలే భాగాల్లో అదొకటి, పైగా ఏడేళ్ల వయసుకు అది ఇంకా పూర్తిగా ఎదగనే లేదు. పగలు నేర్చుకున్నది మెదడులో నిలబడే పనిలో కొంత నిద్రలోనే జరుగుతుంది. ఈ రెండూ కలిస్తే, చెప్పింది నిలవదు, నిలవలేదన్న కోపం ఆగదు. మేము మొండితనమన్నదీ, గారాబమన్నదీ, సోమరితనమన్నదీ ఈ రెండింటినే.

ఆపరేషన్ అనగానే అత్తమ్మ, ‘కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఎందుకమ్మా ఇవన్నీ, పెద్దయితే అదే పోతుందని డాక్టరే చెప్పినాడు కదా’ అన్నారు. ఆవిడ మాటను కొట్టిపారేయలేకపోయాను. అప్పటికి నేను, 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చదివి ఉన్నాను. ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య 464 మంది పిల్లలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి వెంటనే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసి, రెండో వర్గాన్ని కనిపెట్టుకుని ఉండి ఏడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. ఏమీ చేయించుకోకుండా ఆగినవాళ్లలోనూ 46 శాతం మందికి మామూలైంది. ప్రవర్తన, జీవన నాణ్యత ఆపరేషన్ అయినవాళ్లలో స్పష్టంగా మెరుగయ్యాయి. ఏకాగ్రతను కొలిచే పరీక్షల్లో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కాగితం డాక్టర్‌గారి ముందు పెడితే ఆయన నొచ్చుకోకుండా చదివి, ‘సరిగ్గా చూసినావమ్మా. ఆక్సిజన్ బాగా పడిపోయే పిల్లలను అందులోకి తీసుకోలేదు. అయినా నేను దీన్ని మార్కుల కోసం చేయడం లేదు, ఊపిరి కోసం చేస్తున్నాను. చెవుల్లో నీరు కూడా ఉంది కదా, ఇంక ఆగడం నాకు ఇష్టం లేదు’ అన్నారు. ఆ మాటతో మేము సరేనన్నాం.

సంక్రాంతి దాటిన వారంలో ఆపరేషన్ జరిగింది. పూర్తి మత్తు ఇచ్చి, టాన్సిల్స్‌ను, అడినాయిడ్‌ను నోటి గుండానే తీశారు, బయట కోత లేదు. గంటలోపు అయిపోయింది, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. కష్టమంతా ఇంటికొచ్చాకే మొదలైంది. మూడో రోజు ఆడుకున్న పిల్లవాడు ఐదో రోజు చెవి నొప్పని ఏడ్చాడు. గొంతుకూ చెవికీ ఒకే నరం శాఖలు ఉండటంతో నొప్పి అక్కడ తెలుస్తుందట. గొంతులో తెల్లని పెచ్చు కట్టి నోరు దుర్వాసన వచ్చింది, అది చీమేమోనని హడలిపోయి ఫొటో తీసి పంపితే, మానుతున్న గుర్తేనని జవాబొచ్చింది. పెచ్చు ఊడే రోజుల్లో రక్తస్రావం కావచ్చన్నారు కనుక ఐదో రోజు నుంచి పదో రోజు వరకు నేను నిద్రపోయింది తక్కువ. చల్లనివి పెడితే జలుబు చేస్తుందని అత్తమ్మ, చల్లనివే పెట్టమని డాక్టర్‌గారు. చివరికి చల్లార్చిన రాగిజావ దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది.

ప్రవర్తనలో మార్పు మేము అనుకున్నదానికంటే త్వరగా వచ్చింది. నెల తిరిగేసరికి పక్క తడపడం ఆగింది. పొద్దున లేపడానికి పట్టే అరగంట యుద్ధం ఐదు నిమిషాలకు దిగింది. ఏప్రిల్‌లో చేసిన టింపనోగ్రామ్‌లో రెండు చెవులకూ కొండ గీత వచ్చింది, నీరు పోవడానికి కర్ణభేరిలో చిన్న ట్యూబులు పెట్టే అవసరం తప్పింది. ఒకరోజు కుక్కర్ విజిల్ ఇంత గట్టిగా ఎందుకు వస్తోందని చెవులు మూసుకున్నాడు. అది మా ఇంటికొచ్చి ఆరేళ్లయిన పాత కుక్కరే.

చదువు మాత్రం అలా రాలేదు. ఇది రాయకపోతే నా అనుభవం సగమే చెప్పినట్టవుతుంది. దారి తెరుచుకుంది గానీ, రెండేళ్లపాటు సరిగ్గా వినపడని అక్షరాల శబ్దాలు వాడి బుర్రలోకి వాటంతట అవి వచ్చి చేరలేదు. ఫిబ్రవరి నుంచి రోజూ ఇరవై నిమిషాలు, పుస్తకం లేకుండా, మాటలను ముక్కలు చేసి చెప్పించే ఆట ఆడుతున్నాం. ‘బస్సులో చివర ఏముంది? పెన్సిల్ మొదట్లో ఏముంది?’ అని అడుగుతుంటాను. అత్తమ్మకు ఇంగ్లీషు రాకపోయినా తెలుగు మాటలతో ఆవిడే నాకంటే బాగా ఆడిస్తారు. గట్టిగా చదవమంటే ఇప్పటికీ తడబడతాడు, కన్నడ ఒత్తులు ఇంకా కలిపేస్తాడు. ఇప్పుడు ముందు వరుసలో కూర్చోబెడుతున్నారు.

మూడో తరగతి మొదలైన నెలకు, జూలైలో, కౌన్సెలర్ అదే పత్రాన్ని మళ్లీ నింపమన్నారు. ఈసారి తేదీ పక్కన, ఎవరూ అడగకపోయినా, రాత్రి నిద్ర ఎలా ఉందో రెండు వాక్యాలు రాసి మొదలుపెట్టాను. రెండో తొమ్మిది ప్రశ్నల్లో టిక్కులు చాలావరకు ఎడమ గడుల్లోకి జరిగాయి. మొదటి తొమ్మిదింట్లో నాలుగు ఉన్నచోటనే ఉన్నాయి. టీచర్ నింపిన పత్రంలోనూ దాదాపు అంతే. మందుల మాట ఇప్పుడే వద్దని, చదవడానికి ప్రత్యేక శిక్షణ ఇచ్చే ఒక టీచర్ దగ్గర వారానికి రెండు తరగతులు పెట్టి, డిసెంబరులో మరోసారి చూద్దామని కౌన్సెలర్ అన్నారు. తరగతులు మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు.